ఒక కంప్యూటర్లో మూడు పైథాన్లు

మా నాన్నది కోవూరులో కిరాణా కొట్టు. చిన్నాన్నలవీ కొట్లే. ఏ సరుకూ ఒకేచోట కొనకూడదని, చెప్పిన ధరకు కొన్నవాడు వెర్రివాడని అన్నంతోపాటు నూరిపోసి పెంచారు. ఆ తెలివితోనే ఇందుకూరుపేట దగ్గర మా అక్క రొయ్యల గుంటకు ఆక్సిజన్ కొలిచే మీటర్ బేరమాడాను. మీటరూ, అది నమోదు చేసిన అంకెలు చూపించే ప్రోగ్రామూ కలిపి అమ్ముతున్నాడు మీటర్లవాడు. "ప్రోగ్రాం తీసేసి చెప్పు. అది నేనే రాసుకుంటా," అన్నాను. తగ్గించాడు. వారం రోజులు కాలరెగరేసుకుని తిరిగాను.

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాశాను కూడా. నా ల్యాప్‌టాప్ చెడిపోయే దాకా బాగానే నడిచింది. ఆ ప్రోగ్రాంను కొట్లోని డెస్క్‌టాప్‌లోకి ఎక్కించాలి. రేపు చూద్దాంలే అనుకుంటూ ఉండగానే ఒకరోజు పొద్దున అక్క ఫోన్ చేసింది.

"అబ్బయా, రొయ్యలు పైకొచ్చి తిరగతా ఉండాయి. రాత్రి ఆక్సిజన్ ఎట్టుందో చూడమంటా ఉండాడు రొయ్యల టెక్నీషియన్. తగ్గుంటే నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు పెంచితే చాలంట. తగ్గకపోతే రోగమేనంట, ఈరోజే పట్టుబడి చేసి అమ్మెయ్యాలంట. రొయ్యలు ఎత్తకపోయే ఐసు లారీ పన్నెండుకి పోతది. ఆలోపల చెప్పు."

మీటర్ ఫైలు పంపింది. అది మామూలుగా తెరుచుకోదు. దాన్ని చదవడానికి పైథాన్‌కు అదనంగా తగిలించే మాడ్యూల్ ఒకటి కావాలి. డెస్క్‌టాప్‌లో ఎప్పటిదో పైథాన్ ఉంది. పాత సరుకు కదా, నమ్మలేదు. కొత్తది దించి, మాడ్యూల్ తెప్పించి ప్రోగ్రాం నడిపాను. ఆ మాడ్యూల్ లేదంది. అయితే ఈ కొట్టూ మంచిది కాదనుకుని, వేరేచోట నుంచి మూడో పైథాన్ దించాను. అప్పుడూ లేదంది. మళ్లీ తెమ్మంటే ముందే ఉందంటుంది. నడిపితే లేదంటుంది. గోడౌన్లో ఉందని, కౌంటర్లో లేదని తిప్పించే దొంగ వ్యాపారిలా! వాడైతే కాలర్ పట్టుకుని అడగొచ్చు. దీన్ని ఏం పట్టుకుని అడగాలి? కీబోర్డును గుద్దాను. ఒక మీట ఊడి బియ్యం బస్తాల వెనక్కి పోయింది.

పదకొండున్నరకు అక్క మళ్లీ చేసింది.

"అయిందా?"

"అయిపోతాదక్కా. లారీని ఆపు."

"నీ కోసం ఆగేదానికి అదేమన్నా మీ మామ బండా? పట్టుబడికి ఉంచమనేదా, పొమ్మనేదా?"

కొట్లో కూర్చున్నవాడు సరుకు లేదని ఒప్పుకోడు. నేనూ ఒప్పుకోలేదు. "ఆక్సిజనే తగ్గుంటదిలే. ఏరేటర్లు పెంచి, లారీని పొమ్మను," అనేశాను. చూసినట్టే చెప్పాను.

లారీ పోయింది. అప్పుడు చచ్చినట్టు, మా వీధిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచరమ్మకు ఫోన్ చేశాను.

"నీ కంప్యూటర్లో ఎన్ని పైథాన్లు ఉండాయన్నా?"

"మూడు."

"మూడెందుకు?"

"ఒకదాంట్లో లేకపోతే ఇంకోదాంట్లో ఉంటదని."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మాడ్యూలేమో ఒకదాంట్లో పడింది. ప్రోగ్రామేమో ఇంకోదాంతో నడపతా ఉండావు. నడిపేదేదో చూసుకుని, దాంతోనే తెప్పించన్నా."

నడుస్తున్నది ఆ పాతదే. దాంతో తెప్పించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తెర మీద గీత పడింది. రాత్రంతా ఆక్సిజన్ ఎక్కడా తగ్గలేదు.

ఆ గీత కేసి చూస్తూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాస్తే అచ్చువేయరు. ఒక్క మాట, "నాకు తెలియలేదక్కా" అని ఉంటే, ఆమె లారీని ఉంచేసేది. రొయ్యలను చూసి అనుమానపడింది ఆమే కదా!

"అక్కా, ఆక్సిజన్ తగ్గలా," అన్నాను.

ఏరేటర్ల రొద మధ్య ఆమె గొంతు పెంచింది.

"ఇందాక తగ్గిందంటివే?"

"చూడకుండా చెప్పినా."

"లారీ మళ్లా రేపే," అంది అక్క.

మర్నాడు నేను గుంట దగ్గరికి వెళ్లాను. లారీ వచ్చేసరికి గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు తేలి ఉన్నాయి. అక్క నా వైపు చూడనైనా చూడలేదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, బతికున్నవాటిని వేరుచేస్తోంది. ప్యాంటు మడుచుకుని నేనూ దిగబోయాను.

"నువ్వొద్దు," అంది. "నీకు ఏది బతికుండాదో తెలీదు."