పెద్దల్లుడి పండుగప్ప

చేప తలకాయ కోసం నా తలకాయ తీయించుకున్న వైనం చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, పర్లేదు. గరివిడిలో మా అత్తారి వీధి వీధంతా నవ్వేసింది, ఇక మీరెంత!

మా అత్తారికి ఇద్దరల్లుళ్ళం. పెద్దాయన సూర్యం, కొత్తవలసలో ఉద్యోగం. రెండోవాణ్ణి నేను, విజయనగరంలో బట్టల కొట్టు. ఆదివారం ఇద్దరం అత్తారింట్లో కలిస్తే చేపల పులుసు ఖాయం. ఆ పులుసులో తలకాయ మాత్రం ఎప్పుడూ పెద్దల్లుడి కంచంలోకే. ఎందుకంటే చేప తెచ్చేది ఆయన. నది సముద్రంలో కలిసే ఏ మొగ దగ్గరికో పోయి, గాలమేసి పండుగప్పని పట్టి, దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని ఫొటో దిగి, అత్తారి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. దాని కింద అత్తగారి దండాలు, మావగారి బొటనవేళ్ళు, చివరికి నా పెళ్ళాం సుజాత పువ్వులు కూడా! నేను కొత్త పట్టుచీర ఫొటో పెట్టిన రోజున ఆవిడ ఒక్క మొగ్గ కూడా పెట్టలేదండీ. నాకు కడుపు భగ్గున మండేది. ఆ మంట మీద ఇంటిల్లిపాదికీ పులుసు కాచుకోవచ్చు.

"అన్నయ్యా, ఎక్కడ పట్టావేటి?" అని అడిగితే, "ఏదోలే తమ్ముడూ, ఏట్లో" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు మూడు రోజులు నిద్రుండేది కాదు.

ఇక ఆగలేక ఆన్‌లైన్లో రీలున్న గాలం తెప్పించాను. సుజాత దాన్ని ఎగాదిగా చూసింది.

"ఏటండీ ఇది, కొట్లో బూజులు దులపడానికా?"

"సూస్తుండు. ఇకమీద తలకాయ నా కంచంలో ఉంటాది."

"మీ తలకాయ!" అంది.

సూర్యం ఫొటోలన్నిటిలో వెనకాల ఒక మొండి తాటిచెట్టు, బోర్లించిన తెప్ప కనిపించేవి. అవే నాకు ఆనవాళ్ళు. మన సముద్రపొడ్డున తాటిచెట్టు గుర్తుతో చోటు వెతకడమంటే, పైడితల్లి జాతరలో పసుపు చీర గుర్తుతో మనిషిని వెతకడమే. అయినా వెతికాను. సెలవు దొరికితే చాలు, స్కూటరెక్కి నాగావళి మొగకి పోయాను, వంశధార మొగకి పోయాను. ఒకచోట బురద చెప్పు లాగేసుకుంది. ఇంకోచోట కుక్కలు తరిమితే గాలం భుజానేసుకుని లగెత్తాను. ఇంత తిరిగితే గాలానికి పడింది ఒక్క పీత. అది కూడా నన్నే కరిచింది.

చివరికొక ఆదివారం పొద్దున్నే కోనాడ వైపు, చంపావతి మొగ దగ్గర ఇసకలో నడుస్తుంటే కనిపించింది. మొండి తాటిచెట్టు! పక్కనే తెప్ప! మనిషి లేడు, బండి లేదు. నీళ్ళలో ఒక కర్ర పాతి ఉంది. ఎవరిదో వల కర్ర అనుకుని, దాని పక్కగా గాలం విసిరాను.

విసిరానో లేదో, బరువు! రీలు కీచుమంది. "రావే నా తల్లీ, రా!" అని అరుస్తూ లాగాను. ఏదో పుటుక్కున తెగిన చప్పుడు, వెంటనే ఒడ్డు మీద మూరెడు పండుగప్ప ఎగిరెగిరి పడుతోంది. దాని నోట్లోంచి నల్లటి దారం వేలాడుతోంది, నా గాలం ముల్లు ఆ దారంలోనే చిక్కుకుంది. ఏ వలనో తెంపుకొచ్చిన గడుసుది కాబోలు అనుకుని, వేలాడే ముక్క కొరికి పారేశాను. ఫొటో తీసుకుని గ్రూపులో పడేసి, గరివిడి బయల్దేరాను.

అత్తగారు ఎదురొచ్చి, "మా సిన్నబాబే!" అని చేప అందుకున్నారు. మావగారు వాల్చిన మడతమంచం మీద నన్ను కూర్చోబెట్టారు. ఆ మంచం అంతకుముందు సూర్యానిది.

కాసేపటికి సూర్యం వచ్చాడు. ఒక చేతిలో ఐసు పెట్టె, ఇంకో చేత్తో లుంగీ పట్టుకుని ఉన్నాడు.

"ఏదన్నయ్యా సేప?"

"పట్టాను తమ్ముడూ. తాడు మర్సిపోనాను. ఉన్నదేదో దాని మొప్పలోంచి నోట్లోకి దూర్చి, కర్రకి కట్టి, ఐసుకని వూళ్ళోకెళ్ళాను. వచ్చీసరికి లేదు."

నేను కొరికి పారేసిన నల్లదారం గుర్తొచ్చింది. విషయం అర్థమైపోయింది. కానీ వంటింట్లోంచి చింతపండు వాసన వస్తోంది, తలకాయ పిలుస్తోంది. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నా బాగుండేది. ఊరుకున్నానా?

"కట్టేసిన సేప పారిపోనాదట మావా! అన్నయ్య లుంగీ కూడా ఇప్పుడో ఇంకాసేపటికో పారిపోయీలాగుంది!"

అందరూ పకపకా నవ్వారు. సూర్యం ఎర్రబడి, లుంగీ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు పెరట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఓలమ్మో! ఇదేటే?" అని అత్తగారి కేక. మొప్పలోంచి నల్లదారం ముక్క లాగి పట్టుకొచ్చారు. దానికొక రాగి తాయెత్తు. "పెద్దబాబు బండి మీంచి పడ్డాక నానే కట్టించిన మొలతాడు కదా! సేప మొప్పలోకెలాగెళ్ళినాది?"

సూర్యం సిగ్గుతో తల దించుకున్నాడు. నేను పాతాళం ఎంత దూరముందా అని నేలకేసి చూస్తున్నాను. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టని వింటాం, ఇక్కడ తోడల్లుడి చేప అత్తకి దానమైంది.

మావగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "సిన్నల్లుడూ, నిజం సెప్పు. నీ గాలం ముల్లు దేనికి తగిలినాది?"

"ఆ... దారానికి మావా."

"అయితే నాయమంటే నాయమే. సూడే, వడ్డించినప్పుడు ఎవులు పట్టింది ఆలకే ఏసీవే! పెద్దల్లుడికి తలకాయ. సిన్నల్లుడికి మొలతాడు."

వేశారండీ! శుభ్రంగా కడిగి మరీ, విస్తరి చివర, ఉప్పు పక్కన పెట్టారు. సూర్యం ఒక చేత్తో లుంగీ పట్టుకునే, రెండో చేత్తో ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. దాని కింద మొట్టమొదటి పువ్వు నా పెళ్ళాందే.

అందుకే ఆ విస్తరి ముందే, ఆ తాయెత్తు సాక్షిగా ప్రమాణం చేశాను: నా కంఠంలో ప్రాణముండగా ఏ నదిలోనూ గాలం వెయ్యను, ఏ తోడల్లుడి పులుసు చూసీ కుళ్ళుకోను. చేస్తూ చేస్తూ ఓరకంట చూద్దును కదా, ఆయన తలకాయలో కన్ను జుర్రుతున్నాడు. రెండో మాట మాత్రం ఆ క్షణమే వెనక్కి తీసుకున్నాను.