మాషీ తెచ్చిన ఆకురసం

మొన్న కలకత్తా న్యూ టౌన్‌లోని మా ఫ్లాట్‌కు వచ్చిన మందుల పార్శిల్ విప్పి, కోడలు ఒక సీసా నా చేతికిచ్చి, లివర్‌కు మంచిదట, ఏముందో చూసి చెప్పమంది. లేబుల్ మీద కాలమేఘ్ సారం అనీ, దాని కింద ఆండ్రోగ్రాఫోలైడ్ అనీ ఉంది. ఉద్యోగమంతా మూలికల పరీక్షశాలలో గడిపినదాన్ని కనుక, ఆకుల్లో ఎక్కువగా ఉండే ఆ పదార్థమే దాని చేదుకు మూలమనీ, ఫ్లేవనాయిడ్లూ ఉంటాయనీ, జ్వరానికీ కాలేయానికీ తాతల నాటి వాడుకే అయినా రుజువు కావలసింది ఇంకా చాలా ఉందనీ, కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టకూడదనీ గడగడా చెప్పేశాను. చెప్పనిది ఒకటుంది. ఆ పేరు చూస్తే ఈ వయసులోనూ సిగ్గుతో నా తల వంగిపోతుంది.

నాన్న ఇక్కడి ఖిదిర్‌పూర్ రేవులో పనిచేసేవారు. మా క్వార్టర్స్ వరండాలో సగం మాది, సగం మేం మాషీ, అంటే పిన్నీ, అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆవిడది. శ్రీకాకుళం వైపు నుంచి ఎవరొచ్చినా నేలవేము కట్ట తేవలసిందే. అమ్మ దాన్ని ఆ వరండాలో ఆరబెట్టి, కషాయం కాచి, పరగడుపున మా ముక్కులు మూసి పోసేది. మన తరం వాళ్ళకు ఆ చేదు గురించి వేరే చెప్పాలా? ఒక వానాకాలం తమ్ముడికి జ్వరం తగిలేసరికి కట్ట అయిపోయింది, ఊరి నుంచి వచ్చేవాళ్ళూ లేరు. మాషీ ఏదో పచ్చి ఆకు నూరి, రసం పిండి, గ్లాసుతో తెచ్చి, కాలమేఘ్ అని చెప్పి ఇచ్చింది. అమ్మ నవ్వుతూ పుచ్చుకుని, ఆమె అటు తిరగగానే తూములో పారబోసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"ఆళ్ళ ఆకు మనకేటి తెలుస్తాది? మందెట్టినా ఎట్టేస్తాది" అని కుళాయి దగ్గర అందరి ముందూ అనేసింది.

తిండిలో ఏదో కలిపి మనిషిని లొంగదీస్తారని మా వాళ్ళకు అదో భయం. ఆ మాట పక్కింటికి చేరడానికి పూట పట్టలేదు. తమ్ముడు ఆసుపత్రి మాత్రలతో కోలుకున్నాడు గానీ, మాషీ పూజకు పంచే కొబ్బరి లడ్డూలను మా తెలుగిళ్ళలో ఎవరూ నోట పెట్టలేదు. ఆమె మళ్ళీ మా గడప తొక్కలేదు.

చాలా ఏళ్ళకు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, బల్ల మీద కాలమేఘ్ రెమ్మ కనిపిస్తే చూసి చూసి, ఆకు కొస కొరికాను. మా నేలవేమే! ఊరి నుంచి రైలెక్కించి తెప్పించుకున్న మొక్క కలకత్తా గోడల పక్కన మొలిచేదేనన్నమాట.

రెమ్మ ఇంటికి తెచ్చి అమ్మకు చూపించి, రెండూ ఒకటేనని చెప్పాను. అమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. క్షమించమనడానికి ఆమెకు వచ్చిన బెంగాలీ చాలలేదు. రెమ్మను మాత్రం చాచి పట్టుకుంది. మేం ఆరబెట్టేది అదేనని మాషీకి మొదటి నుంచీ తెలుసట. ఆ వానాకాలం వరండాలో ఆకు కనబడకపోవడం చూసే తెచ్చిందట. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగింది నేనే.

"మందు పెట్టానని మీరన్నాక, ఏం చెబితే నమ్ముతారు?" అంది మాషీ నిమ్మళంగా, బెంగాలీలో.

మర్నాడు అమ్మ కుళాయి దగ్గర నిలబడి తన తప్పు తానే చెప్పుకుంది. కానీ అప్పటికే సగం ఇళ్ళవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు, వాళ్ళతో పాటు అమ్మ అన్న మొదటి మాటా వెళ్ళిపోయింది. ఇప్పుడు మా అంతస్తులో ఎవరి ఆకు ఎక్కడ ఆరుతోందో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎవరినీ అనుమానించరు. అనుమానించడానికైనా, ఒకరు గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి రావాలి కదా.