రుద్రమ్మ మెళ్లో పగడం

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో రుద్రమ్మ ఇల్లు ఏదంటే ఎవరైనా చూపిస్తారు. మనిషి సన్నం, గొంతు పెద్దది. మెళ్లో లింగం కట్టుకునే, మాంసం ముట్టని ఇంట్లో పుట్టి, లింగం కట్టుకున్న ఇంట్లోనే మెట్టింది. పక్కింట్లో కోడిగుడ్డు వండిన గిన్నె కడిగితే తన గడప మీద నీళ్లు చల్లుకునేంత నిష్ఠ. అలాంటి మనిషి రామేశ్వరం పోయి, ఒక పూస గురించి ఎటూ తేల్చుకోలేక తిరిగొస్తుందని ఎవరనుకున్నారు?

ఆ పూస ఆమె తాళిలోని పగడం. అత్త శాంతమ్మ ఆదోని బజారులో ఏరి కొని, పెళ్లినాడు తన చేత్తోనే గుచ్చి కట్టింది. ఇది నీ మెళ్లో ఉన్నన్నాళ్లూ నా కొడుక్కి ఏమీ కాదని చెప్పి మరీ కట్టింది. అత్తలు చెప్పే మాటల్లో సగం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవే గానీ, ఈ మాటను మాత్రం రుద్రమ్మ గుండెల్లో దాచుకుంది. పొద్దున్నే లింగానికి మొక్కి, ఆ వెంటనే పగడాన్ని కళ్లకద్దుకుని, నా పెనిమిటిని చల్లగా చూడు తల్లీ అని అడగనిదే పొయ్యి ముట్టించదు. పోయినేడు మొగుడు బసవన్న మగ్గం గుంతలోనే గుండె పట్టుకుని ఒరిగిపోయినప్పుడు, కర్నూలు ఆస్పత్రిలో తలుపు బయట కూర్చుని మనిషి దక్కితే రామేశ్వరం వస్తామని మొక్కి, ఆ పూసను పిడికిట్లో బిగించి వదల్లేదు. డాక్టర్లు స్టెంటు వేశారు, నిజమే. కానీ బతికించింది ఎవరో రుద్రమ్మకు బాగా తెలుసు.

ఆ మొక్కు తీర్చుకోవడానికే మొగుడూ పెళ్లాలు వీధి వాళ్లతో కలిసి బస్సు మాట్లాడుకుని రామేశ్వరం పోయారు. బస్సు పెత్తనమంతా మేనల్లుడు నాగేష్‌ది. కొన్నేళ్లు మద్రాసులో పనిచేశాడు కాబట్టి అరవం వచ్చు. మరుసటి పొద్దున సముద్రస్నానం చేసి, ఆడవాళ్లందరూ పాత తాళ్లు తీసి కొత్త పసుపుతాళ్లు కట్టుకోవాలి. చేరిన రోజు ఏ పనీ లేదు. ఊరికే ఉంటే నాగేష్‌కు కాలు ఒకచోట నిలవదు. ఇక్కడ సముద్రంలో పగడాల దిబ్బ ఉందట, అడుగున అద్దం బిగించిన బోటులో తీసుకుపోయి చూపిస్తారట, సాయంత్రానికి వచ్చేయొచ్చు అన్నాడు. పగడాలు అన్న మాట చెవిన పడేసరికి రుద్రమ్మ అందరికంటే ముందు చెప్పులేసుకుంది. ఇన్నేళ్లు తనను కాపాడిన తల్లి పుట్టిల్లు చూడబోతున్నానని ఆమె సంబరం.

బోటు ఎక్కాక నీళ్లలో పడినా మునగకుండా ఒంటికి లావుపాటి జాకెట్టు తొడిగారు. ఊళ్లో కాలువ తప్ప వేరే నీళ్లు ఎరగని మనిషి కదా, కాసేపు మొగుడి భుజం వదల్లేదు. గైడు ఇక చూడండి అని సైగ చేసినప్పుడు వంగి అద్దంలోకి చూసింది. పగడమంటే నవరత్నాల్లో ఒకటి, రాయి. సంతలో మిరపకాయలు రాశి పోసినట్టు కింద ఎర్రగా మెరుస్తూ ఉంటాయనుకుంది. ఎరుపన్నదే లేదు. బూడిద రంగు గడ్డలు, మట్టి రంగు కొమ్ములు, గోబిపువ్వుల్లాంటివి కొన్ని. వాటి సందుల్లో చేపలు. పగడాలు యాడుండాయని నాగేష్‌ను అడిగితే, అవే పగడాలత్తా అన్నాడు. వాడు ఎగతాళి చేస్తున్నాడనుకుని రుద్రమ్మ కసిరింది.

గైడు తమిళంలో ఏదో చెబుతున్నాడు, నాగేష్ తెలుగు చేస్తున్నాడు. ఇవి రాళ్లు కావంట, చెట్లూ కావంట, ప్రాణమున్న జీవాలంట. వీటికి నోరుంటుందంట, తింటాయంట, నీళ్లు వేడెక్కితే తెల్లగా పాలిపోయి చచ్చిపోతాయంట. రుద్రమ్మకు నమ్మబుద్ధి కాలేదు. జాకెట్టులోంచి తాళి పైకి లాగి, మరి ఇదేందో అడగమని పూస చూపించింది. గైడు వంగి చూసి, నవ్వుతూనే నాలుగు మాటలు చెప్పాడు. నాగేష్ మాత్రం మింగలేక కక్కలేక నీళ్లు నమిలాడు.

"ఏమన్నాడో సరిగ్గా సెప్పురా."

"ఎర్రవి ఈడ దొరకవంటత్తా. యాడో దూరం సముద్రంలో, శానా లోతులో ఉంటాయంట. అవీ ఇట్లాంటి జీవాలేనంట. ఇది..." అని ఆగాడు. "ఇది దాని ఎముక అంటాండాడు."

రుద్రమ్మ చెయ్యి పూస మీద నుంచి చప్పున వెనక్కి వచ్చింది. ఎముక! మెళ్లో లింగం, లింగం పక్కనే ఎముక. దాన్నే ఇన్నేళ్లు కళ్లకద్దుకుంది. తీసి పారేద్దామని చెయ్యి మళ్లీ పైకి పోయింది, పోయి సగంలో ఆగిపోయింది. ఎదురుగా బసవన్న చిన్నపిల్లాడిలా చేపలను చూసి మురిసిపోతున్నాడు. తీస్తే ఆ మనిషికి ఏమైనా అయితే? తీయకపోతే రేపు లింగాన్ని ఏ ముఖం పెట్టుకుని చూడాలి? గట్టుకు చేరేదాకా మళ్లీ అద్దంలోకి వంగలేదు. సముద్రం పడలేదేమో అనుకున్నారు అందరూ.

మరుసటి పొద్దున స్నానాలయ్యాయి. రుద్రమ్మ తడి చీరతో ఒడ్డున కూర్చుని కొత్త తాడుకు బొట్టు ఎక్కించింది, నల్లపూసలు ఎక్కించింది. పగడం మాత్రం అరచేతిలోనే ఉండిపోయింది. తక్కిన ఆడవాళ్లు కట్టుకుని లేచిపోతున్నా ఈమె కదల్లేదు. బసవన్న వచ్చి పక్కన కూర్చుంటే, ఉన్న సంగతంతా చెప్పేసి ఏడ్చింది. పెద్ద గొంతు మనిషి అంత సన్నగా ఏడవడం అతను ఎప్పుడూ వినలేదు.

"పట్టు యాడనుంచి వస్తాది రుద్రీ?" అన్నాడు బసవన్న. "పురుగును ఉడకబెట్టే గదా దారం తీసేది. అది తెలిసే మా నాయన నేసె, నేనూ నేస్తాండా. ఆ కూడే గదా మనం తిన్నది."

తెలియదా ఏం? మగ్గాల వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ పురుగునూ తన నిష్ఠనూ ఆమె ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. మొగుడు ఆ ముడి విప్పుతాడనుకుంటే ఇంకో ముడి వేశాడు.

"నీకు బాధైతే తీసెయ్ లే. నాకేమీ కాదు" అన్నాడు బసవన్న. అంటుండగానే అతని చెయ్యి అతనికి తెలియకుండానే గుండె మీదికి పోయింది. రుద్రమ్మ అది చూసింది. ఇంకేమీ అడగలేదు. పగడాన్ని తాడుకు ఎక్కించి మెళ్లో కట్టేసుకుంది.

ఎమ్మిగనూరు వచ్చిన మరునాడు పొద్దున్నే లింగానికి మొక్కి, అలవాటు కొద్దీ పగడం పట్టుకుంది. చల్లగా చూడమన్న మాట నోట్లోంచి రాలేదు. తన ప్రాణమే దక్కించుకోలేని జీవిని పట్టుకుని, నా మొగుడి ప్రాణం కాపాడమని ఇన్నేళ్లు అడిగానే అనిపించింది. తన్ను క్షమించమని అడిగి, కళ్లకద్దుకుని, పొయ్యి ముట్టించింది. తరువాత మగ్గానికి దారం కండెలు చుట్టడానికి కూర్చుని, చుట్టగా ఉన్న పట్టుదారం చిలప చేతిలోకి తీసుకుంది. ఎప్పుడూ లేనిది చెయ్యి ఆగింది. ఏమనుకోవద్దు తల్లీ అని దాంతోనూ గొణిగింది.

మగ్గం గుంతలోంచి బసవన్న తలెత్తాడు. "ఎవరితో మాట్లాడుతాండావు?"

"నాకూ తెలీదు" అంది రుద్రమ్మ. అని, రాట్నం తిప్పింది.