రాయించుకోని పేరు

బసమ్మ ఎవరితో మాట్లాడినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. విరూపాక్షకు రెండో భార్యగా వచ్చి, కడియాలు అమ్మి జాగా కొనిపించింది. మట్టి పిసికి గోడలు లేపింది. అంతకుముందు జాగా రిజిస్ట్రీ నాడు కాగితం రాసేటాయన "నీ పేరు గూడ ఎక్కియ్యాల్నా అక్కా?" అని అడిగాడు. పెద్ద భార్య కోహీర్‌లో ఉండగా తన పేరు చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గేసింది. "ఆయనది ఉంటే సాలదా" అంది. "సూసిన్రా, ఎంత మంచిదో!" అని విరూపాక్ష మురిసిపోయాడు.

అతను పోయాక పెద్ద భార్య కొడుకు వచ్చాడు. "చిన్నమ్మా, ఇల్లు మాకొచ్చింది, అమ్మేసినం. జర సామాను తీస్కో" అన్నాడు. ఆనాడు ఒక్క మాట అని ఉంటే అనుకుంటూ బసమ్మ మూట కట్టుకుంది. గడప దాటి వెనక్కి తిరిగింది. "వంటింటి మూల పగిలింది బిడ్డా. వానలకు ముందే మట్టి పెట్టుమని కొన్నోళ్లకు చెప్పు."