రెడ్డెప్ప తాత తప్పుల పుస్తకం

నిన్న మా అక్క కూతురు చాప మీద బోర్లా పడుకొని టాబ్‌లో ఆట ఆడుకుంటోంది. రాతి మీద పికాసు పడుతున్న టక్ టక్ చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఉల్లిపాయలు తరుగుతున్న నా చెయ్యి ఆగింది. నలుచదరపు దిమ్మెలతో ఇళ్లు కట్టి, నేల తవ్వి బంగారం తీసే ఆ ఆటను పన్నెండేళ్ల వయసులో నేనూ ఆడాను. కోడింగ్ నేర్చుకున్నదీ దానితోనే. అయితే ఆ చప్పుడు వినగానే నాకు ముందు గుర్తుకొచ్చింది ఆట కాదు. రెడ్డెప్ప తాత నాకు చేసిన అన్యాయం.

తాత కేజీఎఫ్‌లో మా బంగారు గని కార్మికుల ఇళ్ల లైనులోనే, మూడిళ్ల అవతల ఉండేవాడు. వాళ్ల నాన్న కాలంలో చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చిన కుటుంబం. గని మూతపడేదాకా తాత వైండింగ్ ఇంజిన్ డ్రైవరు. అంటే, మనుషులను లోపలికి దించే ఇనుప బోనును పైన గదిలో కూర్చుని నడిపేవాడు. బోను ఆయనకు కనబడదు. కింది నుంచి గంట ఎన్నిసార్లు మోగితే దాన్ని బట్టి నడపడమే. ఆయన కూతురు ఇందిరక్క బంగారపేటలో ఒక కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పేది. పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టి, లైను పిల్లలం ఆడే ఆ ఆటలోకి ఒక చిన్న తవ్వే బండిని చేర్చింది. దాన్ని చేత్తో నడపలేము. ఏం చెయ్యాలో వరుసగా రాసిస్తే, అందులో వేసిన బొగ్గు ఉన్నంతసేపు అదే చేసుకుపోతుంది. ఎలా రాయాలో అక్క ఆదివారాలు నేర్పేది. మిగతా రోజులు మాకు కాపలా తాత.

తాతకు కోడింగ్ తెలియదు. కుతూహలం మాత్రం మాకంటే ఎక్కువ. మొదటి రోజే కళ్లజోడు తుడుచుకుని తెర ముందు కూర్చున్నాడు.

"కప్పు కూలదా భారతీ? కట్టెలు నిలబెట్టకుండానే తవ్వుతా ఉండావే!"

"కూలదు తాతా."

"నీళ్లు ఊరవా? ఉక్క ఉండదా?"

"ఏమీ ఉండదు."

"అయితే ఇది గని కాదమ్మా, కొత్తల్లుడికి అత్తగారిల్లు."

కీబోర్డు ముట్టుకోనిచ్చే ముందు మాకు గంటలు నేర్పాడు. పళ్లెం మీద గరిటెతో ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లయితే దిగు, మూడయితే మనుషులు ఎక్కుతున్నారు, మెల్లగా. ఎదురింటి సెల్వి కళ్లు మూసుకుని బోను కావాలి. నేను గంట కొట్టాలి. రెండు కొట్టి ఊరుకున్నాను. సెల్వి నడిచింది, నడిచింది, నేరుగా వెళ్లి నీళ్ల తొట్టిలో కాలు పెట్టింది.

"రోజూ చూసే తొట్టే కదా! ఎవరైనా ఆగుతారు!" అన్నాను.

"మనుషులు ఆగుతారు. బోను ఆగదు. నీ మనసులో ఉండేది దానికి యాడ వినబడుతుందమ్మా?"

లైనులోని పిల్లలందరి ముందు అన్నాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో చెప్పగలను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మరునాడు అమ్మ "నీళ్లు తేపో" అంటే, ఆ ఒక్క మాటలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టాను. బిందె తీసుకో, కొళాయి దాకా నడువు, కింద పెట్టు, నిండిందా చూడు, నిండకపోతే ఆగు, మళ్లీ చూడు. పదిహేడు తేలాయి. బిందె పొంగి పొర్లింది, తిట్లు తిన్నాను.

వేసవి సెలవుల ముందు ఇందిరక్క ఒక మాట చెప్పింది. తన సెంటరులో సెలవుల తరగతికి మాలో ఒకరికే చోటుంది. ఎవరి బండి తనంతట తాను దిగి, బంగారం తీసుకుని, పైకి వస్తుందో వాళ్లకే ఆ సీటు. మా బడిలో కంప్యూటరే లేదు. అప్పటిదాకా దేన్నీ అంతగా కోరుకోలేదు నేను.

మొదటి వారం నా బండి తన కింది రాయినే తవ్వి నిప్పుల మడుగులో పడింది. కంప్యూటర్ చెడిపోయిందన్నాను. సెల్వి ఏదో నొక్కిందన్నాను. తాత ఒక నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టాడు.

"ఇంజిన్ గదిలో ఇట్లాంటి పుస్తకం ఉండేది. షిఫ్టు దిగేవాడు తప్పులు రాసి పోవాల. నువ్వేం చెప్పినావు, అదేం చేసింది, నీకేం కావాల. మనుషుల పేర్లు రాయకూడదు."

'సెల్వి చెడగొట్టింది' అని రాశాను. కొట్టేశాడు. 'కంప్యూటర్‌కు బుద్ధి లేదు' అని రాశాను. అదీ కొట్టేశాడు.

"ఇంగ రాయి."

మూడోసారి రాస్తూ ఆగిపోయాను. కింద ఏముందో చూడమని నేను చెప్పనేలేదు! 'తవ్వు' పైన 'చూడు' అనే వరుస చేర్చాను. బండి నిప్పు దగ్గర ఆగి పక్కకు తిరిగింది. జీవితంలో మొదటిసారి నా ఫిర్యాదును ఎవరో పూర్తిగా విన్నారు.

సెల్వి కూడా అదే పుస్తకంలో రాసేది. తన పేజీలను నేను చదవకుండా తిప్పేసేదాన్ని. దాని తప్పులు నాకెందుకు?

మూడు వారాల తరువాత, పోటీ ఆదివారం నా బండి దిగింది. రెండుచోట్ల నిప్పు తప్పించుకుంది, బంగారం తీసింది, అక్కడే నిలిచిపోయింది. బొగ్గు అయిపోయింది. తరువాత సెల్వి బండి దిగింది, అచ్చం నాలాగే నిప్పు తప్పించుకుంది, బంగారంతో పైకి వచ్చింది.

"నా వరుస కాపీ కొట్టింది!" అని అరిచాను.

"ఏమే, పుస్తకంలో ఉన్నింది, చదివినాను. నువ్వు నాది చదవలేదా?" అంది సెల్వి.

తాత పేజీ తిప్పి చూపించాడు. రెండు వారాల కిందటి సెల్వి రాత. 'బంగారం దొరికింది. బొగ్గు అయిపోయి పైకి రాలేదు. సగం కాగానే తిరగమని చెప్పాల.'

"నీకు ముందే తెలుసా తాతా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే!"

"పుస్తకం తెరిచే పెట్టినాను కదమ్మా. ముందు షిఫ్టోడు రాసింది చదవకుండా ఏనాడూ నేను ఇంజిన్ లివరు మీద చెయ్యి వెయ్యలేదు. కింద ఉండేది మనుషులు."

సీటు సెల్విదయింది. నాలుగు రోజులు తాత గడప తొక్కలేదు. ఐదోరోజు ఉండబట్టలేకపోయాను. గట్టి రాయికి ఎక్కువ బొగ్గు పడితే, సగం దగ్గర తిరిగినా సరిపోతుందా? తాత నాకు కుర్చీ జరిపాడు. బండి జోలికి పోకుండా సెల్వి పేజీలన్నీ మొదటి నుంచి చదివాను. నాకు తట్టని తప్పులు ఎన్ని చేసిందో!

ఉద్యోగం వచ్చాక మిఠాయి తీసుకెళ్లి ఇచ్చి, ఆ బొగ్గు సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఇంగా మరిచిపోలేదా?" అన్నాడు తాత.

"మరిచిపోను. ఆ రోజు చెప్పి ఉండాల్సింది."

"చెప్పింటే, సెల్వి రాసిన పేజీ ముట్టుకునేదానివా?"

"ముట్టుకునేదాన్ని కాదు. అయినా చెప్పి ఉండాల్సింది."

"సరే, రాసి పెట్టుకో. పేరు మాత్రం రాయొద్దు," అని నవ్వాడు.

ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన చేసింది తప్పేనని ఇప్పటికీ అంటాను. పన్నెండేళ్ల పిల్లకు ఒక్క మాట చెబితే పోయేదేమీ లేదు. నేనిప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని చేస్తున్నాను. పొద్దున రైల్లో కూర్చోగానే నా ముందు షిఫ్టు వాళ్లు రాసినవన్నీ చదువుతాను. ఎవరి మీద నాకు కోపముందో వాళ్లవి ముందు తెరుస్తాను. చదువుతున్నంతసేపూ కోపం అలాగే ఉంటుంది. చివరి వరుస దాకా చదువుతాను.