తెగనిపోగు శివకృష్ణ

ధర్మవరంలో మా వీధిలో నన్ను తెగనిపోగు శివకృష్ణ అంటారు. ఆ పేరు నేను సంపాదించుకున్నది కాదు. మా అమ్మ సరోజమ్మ నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడి సంపాదించి పెట్టింది. "మా వాడు పెనుకొండ కాడ యూనివర్సిటీలో పట్టుపోగుకు మందు కనిపెడతాండాడు. అది పూస్తే మగ్గం మీద పోగు తెగదంట" అని బిందె నిండేలోగా నలుగురికి చెప్పేది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆమెకు తెలియక కాదు. సొంత కొడుక్కి సామెతలు వర్తించవనుకుంది. నేను మాత్రం వద్దన్నానా? కాలరు సర్దుకుని బస్సెక్కేవాణ్ణి.

నాది మెటీరియల్ సైన్స్. హిందూపురం మార్కెట్టు నుంచి పట్టుగూళ్ళు తెచ్చి ఉడకబెట్టి, ఆ నీళ్ళలో దిగిన జిగురుకు కంటికి ఆననంత సన్నని ఇసుకపొడి కలిపి, పోగులకు పూత పూయడం నా పరిశోధన. పూసిన పోగును రెండు క్లాంపుల మధ్య బిగిస్తే, మిషను తెగేదాకా లాగి దాని బలమెంతో చూపిస్తుంది. పూత లేని పోగులను ప్రమోద బిగించేది. ఆమెది హిందూపురం, నాతోపాటే ఆ ల్యాబులో చేరింది. పూత పోగులను మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పేది కాదు, నేనే బిగించేవాణ్ణి. కాకిపిల్ల కాకికి ముద్దు. ప్రతిసారీ నా పోగులే గెలిచేవి.

"బాగుండాది. ఇదే నీ థీసిస్" అన్నారు మా గైడు బసవరాజు సారు. బెంగళూరు నుంచి ఒక ప్రొఫెసరు మేడం వచ్చి, కళ్ళెదుట పరీక్ష చూసి సరే అంటే డిగ్రీ చేతికొచ్చినట్టే. కాదంటే ఇన్నేళ్ళ పని మళ్ళీ మొదటికి. కాదంటారన్న అనుమానమే లేక నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను. పూత మందు ఒక సీసాడు ఇంటికి తెచ్చి, "కొత్త పడుగుకు పూయి మా, మగ్గం సాక్ష్యం కూడా ఉంటాది" అని అమ్మ చేతిలో పెట్టాను.

సరిగ్గా మేడం వచ్చే వారమే మా అన్నకు కొడుకు పుట్టాడు. "పురుడు తీరేదాకా దేవుని గూడు తెరవకూడదు, విభూతి ముట్టొద్దు" అంది అమ్మ. పుట్టి బుద్ధెరిగాక నేను విభూతి లేకుండా గడప దాటింది లేదు. అయినా సైంటిస్టును కదా, నాకేం తక్కువని ఉత్త నుదుటితోనే పోయాను.

మేడం ఎదుట మొదటి పోగు తెగలేదు, క్లాంపులోంచి జారిపోయింది. రెండోదీ అంతే. తర్వాతివీ అంతే. నేను ముందు కరెంటును తిట్టాను, తర్వాత ఏసీని, ఆ తర్వాత మిషను చేసినవాణ్ణి. బసవరాజు సారు గోడ వైపు చూస్తున్నారు. ప్రమోద దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "ఏంది శివా, పోగు పట్టుకునే ముందు ప్రతిసారీ నుదురు రుద్దుకుంటాండావు? తలనొప్పా?"

నా చెయ్యి నుదుటి దగ్గరే ఆగిపోయింది.

మగ్గం మీద నిలువుపోగుల పాత పడుగు అయిపోవచ్చాక, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ అతకాలి. పోగు జారకుండా బూడిదలో వేళ్ళద్ది మెలిపెడతారు. నేను నిక్కర్లనాటి నుంచి అమ్మ పక్కన కూర్చుని అతికినవాణ్ణి. ల్యాబులో బూడిద గిన్నె ఉండదు. అందుకని నాకు తెలియకుండానే నా వేళ్ళు ఇన్నేళ్ళూ నుదుటి మీది విభూతికి పోతున్నాయి. ఆ విభూతి అంటిన కొసలు క్లాంపులో గట్టిగా నిలిచాయి. ప్రమోదవి శుభ్రమైన చేతులు కాబట్టి ఆమె పోగులు తెగకముందే జారి ఓడిపోయాయి, ఆ జారడాన్నే మేము బలం లేకపోవడమనుకున్నాం. గెలిచింది నా పూత కాదు, నా నుదురు.

జ్వరమని చెప్పి పురుడు తీరాక మూడు పట్టెలు దిట్టంగా పెట్టుకుని రావచ్చన్న ఆలోచన రాలేదని చెప్పను. కానీ ప్రమోద నా మొహంలోకే చూస్తోంది. "సార్, కొంచెం విభూతి కావాల" అన్నాను. సారు పర్సులోంచి పొట్లం తీశారు. "నేను ముట్టకూడదు, మాకు పురుడు. నువ్వు బిగించు" అని ప్రమోదకు చెప్పాను. సైన్సు మునిగిపోతున్నా మైల నియమం తప్పలేదు నేను. ఆమె విభూతి వేళ్ళతో పూత లేని పోగులు బిగిస్తే, అన్నీ నా పాత రికార్డుల దగ్గరికే వచ్చి తెగాయి. పూత పోగులూ అక్కడే తెగాయి. నా మందుకు వీసమెత్తు బలం లేదు.

"అంటే ఇన్ని దినాలు మనం నీ నుదురుకు బలపరీక్ష చేసినామా అప్పా?" అన్నారు సారు. మేడం నవ్వాపుకుని, మళ్ళీ మొదటి నుంచి చేయమని చెప్పి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. అది డిగ్రీ గురించి కంటే నీళ్ళ ట్యాంకరు గురించే ఎక్కువ.

పురుడు తీరిన రోజు ధైర్యం చేసి అమ్మ మగ్గం దగ్గర కూర్చున్నాను. "పోగులు తెగుతాండాయా మా?"

"నీ మందు ఇంటికొచ్చినాక ఒక్కటి తెగితే ఒట్టు."

సిగ్గులేని ఆశ మళ్ళీ లేచింది. మిషను అబద్ధమాడినా మగ్గం ఆడదు కదా. "పడుగు పొడుగునా పూసినావా?"

"పూసేదేంది?" అంటూ అమ్మ దేవుని గూడు చూపించింది. పటాల మధ్య నా సీసా, మూత తీయకుండా, పసుపు కుంకాలతో, నెత్తిన పువ్వుతో ఉంది. "నువ్వంత కష్టపడి చేసినేది. పడుగుకు పూసి, చీరతో పాటు అంగట్లో అమ్ముకుంటానా? పురుట్లో కూడా దూరం నుంచే దానికి దండం పెట్టుకుని మగ్గం ఎక్కుతాండా."

"దాంట్లో బలం లేదు మా. ఉత్త జిగురునీళ్ళు. మళ్ళీ మొదటి నుంచి చేయాల నేను."

అడ్డపోగుతో అటూ ఇటూ అమ్మ ఆడించే నాడె ఆగింది. లేచి గూడు దగ్గరికి పోయింది. సీసా తీసేస్తుందేమో అనుకున్నాను. దాని పక్కనున్న విభూతి తీసుకొచ్చి నా నుదుటి మీద పట్టెలు పెట్టింది. "అయితే మళ్ళా చేద్దువులే నాయనా. పురుడు తీరింది కదా."

ఇక రోజూ ల్యాబులోకి పోయే ముందు నుదురూ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి. ఆ రోజు మాత్రం పడుకునేదాకా తుడుచుకోలేదు.