గుట్కా పూసిన ఫైబర్

ఎనిమిదో తరగతి నన్ను వదల్లేక మళ్లీ మళ్లీ పట్టుకుంటుంటే, జాలిపడి నేనే బడి వదిలేశాను. అందుకే ఫైబర్ కేబుల్ పనిలో చేరాక మా సూపర్‌వైజర్ నోట్లోంచి వచ్చే ప్రతి ఇంగ్లిషు మాటకూ నోరు తెరిచేవాణ్ణి. ఆ నోట్లోంచి గుట్కా కూడా వచ్చేది.

కనెక్టర్ కొనను స్పిరిట్‌తో తుడవాలి. ఆయన బొటనవేలు నాకి, ఆ ఎర్రటి తడితో తుడిచేవాడు. ఫైబర్‌లో వచ్చే వెలుగు దారిలో తగ్గడాన్ని అటెన్యుయేషన్ అంటారని మాత్రం ఆయనే నేర్పాడు.

ధర్మపురి దగ్గరి ఓ ఊళ్లో ఒకావిడ ఇంట నెట్ పోయింది. ఫోన్ సిగ్నల్ అందని ఊరు. ఆరోజే మనుమరాల్ని ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ. బిడ్డను వీడియోలో చూడాలని మస్కట్‌లో కొడుకు కాచుకుని ఉన్నాడు.

సూపర్‌వైజర్ నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు, వేలు నాకాడు, తుడిచి బిగించాడు. మోడెంలో ఎర్ర లైటు పోలేదు.

"అటెన్యుయేషన్ ఎక్కువున్నదవ్వా. స్ప్లిటర్ కాడ లాస్ వస్తుంది. పైకెల్లి చెయ్యాలె" అని నన్నక్కడే వదిలి బండెక్కి పోయాడు.

"గదేం రోగం బిడ్డా?" అని ఆమె నన్నడిగింది.

"గుట్కా రోగమవ్వా! నీ కొడుకు మొఖం వచ్చే తొవ్వల సారు ఉమ్మిండు. గీ స్పిరిట్ సీసా ఉన్నది చూడు, దీని మూత గూడ తియ్యడు" అంటూ సీసా ఊపుతూ సారు నడకా, నమలుడూ అన్నీ చేసి చూపించాను. చుట్టాలంతా నవ్వారు.

ఆమె నవ్వలేదు.

"ఆయన ఇంగ్లిషుల చెప్పి పాయె, నువ్వు తెలుగుల చెప్పవడితివి. సీసా నీ చేతులనే ఉన్నది గదా, జర మూత తియ్యరాదు?"